మధ్యాహ్నపు డైట్ డబ్బా, నా కుట్టుకూలి లెక్క

నెల రోజులు తిన్న డైట్ డబ్బా మీద ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. తిండి బాగుంది. ధర నాలాంటివాళ్లకు బరువే, అయినా దోపిడీ అనలేను. ఫోనులో రోజూ వచ్చే హితబోధ మాత్రం ఎదురు డబ్బులిచ్చినా నాకు వద్దు. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ఆ హితబోధకే.

సంస్థ పేరు రాయను. హైదరాబాద్‌లో ఇలా ఆరోగ్యకరమైన భోజనం డబ్బాల్లో పెట్టి ఇంటికో ఆఫీసుకో పంపేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు వాళ్లందరికీ వర్తిస్తుంది. ఒక్కరినే బజారుకీడ్చడం ఎందుకు?

నాది చైతన్యపురిలో లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్లు ఎక్కువ, పంజాబీ డ్రెస్సులు తక్కువ, పండుగలప్పుడు పిల్లల పరికిణీలు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు చూసుకోవడానికి ఒకమ్మాయి ఉంది. మొన్నామధ్య రక్తపరీక్షలో నాకు షుగరు హద్దు మీద ఉందని తేలింది. మా అమ్మాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. రిపోర్టు చూసిన సాయంత్రమే నా పేరు మీద నెల డబ్బాకు డబ్బు కట్టేసి, "అమ్మా, రేపటి నుంచి మధ్యాహ్నం వంట మానేయి" అంది. నన్ను అడగడం లాంటి పద్ధతులు ఈ కాలం పిల్లలకు లేవు. ఆదివారాలు పోను నెలకు 4,800 రూపాయలు. అంటే డబ్బా ఒక్కింటికి దాదాపు 185. లైనింగ్ లేని మామూలు జాకెట్టుకు నేను తీసుకునే కుట్టుకూలి కూడా ఇంచుమించు అంతే. ఈ పోలిక మళ్లీ అవసరం పడుతుంది.

డబ్బా అంటే మూడు గిన్నెల స్టీలు క్యారియర్ అనుకోకండి. గడులున్న నల్ల ప్లాస్టిక్ పళ్లెం, దాని మీద అతికించిన పలుచటి మూత. పెద్ద గడిలో కొర్ర అన్నమో సామ అన్నమో ఉంటుంది, కొన్ని రోజులు ముడిబియ్యం. రెండో గడిలో పప్పు, మూడో దాంట్లో కూర. విడిగా ఒక గిన్నెలో కీరా, క్యారెట్, బీట్‌రూట్ ముక్కలు, ఇంకో చిన్న గిన్నెలో పెరుగు. మూత మీద కేలరీలు, ప్రొటీన్, పీచు అంటూ అంకెలు.

కూరలు నిజంగా చెప్పుకోదగ్గవి. బెండకాయ కూర వచ్చిన రోజు మూత తీసి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. జిగురు లేదు, నూనెలో ఈదడం లేదు, ముక్కకు ముక్క విడిగా, అంచులు కొద్దిగా మాడి, లోపల పచ్చదనం పోకుండా ఉంది. బెండకాయ అలా రావాలంటే కడిగాక ఒక్కోదాన్ని పొడిగుడ్డతో తుడవాలి, ఆరబెట్టాలి, తరిగాక మూత పెట్టకుండా పొయ్యి దగ్గరే నిలబడి వేయించాలి. నూనె తగ్గించే కొద్దీ నిలబడే సమయం పెరుగుతుంది. వండినవాళ్లకు తెలుస్తుంది. దొండకాయను వేపుడు చేయకుండా ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, మినప్పప్పు పోపు పెట్టి, పైన కొబ్బరి చల్లారు. మా ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది దొండకాయేనా?" అన్నారు. అది మెప్పో కాదో నాకు తేలలేదు, కానీ రెండో ముక్క కూడా తీసుకున్నారు. తోటకూర పప్పులో తోటకూర కనిపించింది. హోటలు పప్పులో ఆకుకూరను వెతుక్కునే ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు.

చింతపండు అంటే మాత్రం వాళ్లకు భయం. ఒకరోజు పచ్చిపులుసు అని రాసి, ఉల్లిపాయ ముక్కలు వేసిన నిమ్మకాయ నీళ్లు పంపారు. తెలంగాణ గడ్డ మీద ఆ పని చేయడానికి ధైర్యం కావాలి. అప్పుడప్పుడు కినోవా కూడా పంపుతారు. అదెక్కడో దక్షిణ అమెరికా కొండల్లో పండే గింజ. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఇంత జరిగాక కూడా మన ఊరి డబ్బాలోకి కొర్రలు చాలలేదా?

శుక్రవారం వచ్చే 'చక్కెర లేని లడ్డు' గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పదార్థాల వరుసలో రెండో పేరు బెల్లం. బెల్లమైనా తేనె అయినా ఒంట్లోకి వెళ్లాక చక్కెరే. తేనెను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించుకోవలసిన చక్కెరల లెక్కలోనే వేస్తుంది. షుగరు హద్దు మీద ఉందని ఫారంలో రాసి ఇచ్చినదానికి ఆ పేరుతో ఆ లడ్డు పంపకూడదు. ఫోను చేసి అడిగితే "మేము తెల్ల చక్కెర అసలు వాడము మేడం" అని గర్వంగా చెప్పారు. లడ్డు రుచిగా ఉంది, అది వేరే విషయం.

ఒంటి గంటకు రావలసిన డబ్బా వానరోజుల్లో రెండున్నరకు వచ్చింది. మూసీ అవతల నుంచి మలక్‌పేట మీదుగా రావాలి, అక్కడి రైలు వంతెన కింద నీళ్లు నిలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? తెచ్చే అబ్బాయిని ఏమీ అనలేదు, తడిసిపోయి ఉన్నాడు, మంచినీళ్లిచ్చాను. ఆలోపు పక్కనే ఉన్న మిర్చి బజ్జీల బండి తన పని తాను చేసుకుంది.

నాకు ఏది చూసినా కొలవాలనిపిస్తుంది. మగ్గం పని పూసలు తూచడానికి షాపులో చిన్న త్రాసు ఉంది, డబ్బా దాని మీదకెక్కింది. అన్నం 150 గ్రాములు, పప్పు 120, కూర 140, పచ్చి ముక్కలు 90. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండు వేల కేలరీలు తినే మనిషి రోజు పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పళ్లు 100, ధాన్యాలు 250, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, నూనె 27 గ్రాములు ఉండాలంటుంది. ఇవన్నీ వండకముందు బరువులు. ఆ లెక్కన చూస్తే ఈ డబ్బా ఒక్క పూటలోనే రోజు కూరగాయల్లో సగానికి పైగా తెచ్చి పెడుతోంది. ఇంట్లో మనం పళ్లెం నిండా అన్నం పెట్టుకుని పక్కన రెండు గరిటెల కూర వేసుకుంటాం. ఇక్కడ కూర, పచ్చి ముక్కలు కలిపితే అన్నం కంటే ఎక్కువ, అన్నం వాటికి తోడు. 185 రూపాయల్లో మొదటి విశేషం ఇదే.

నూనె కూడా లెక్క వేశాను. మనిషికి 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. మా వీధి కిరాణా దుకాణంలో నలుగురున్న ఇళ్లు ఐదు లీటర్ల డబ్బా మోసుకుపోతాయి, నెలాఖరుకు మళ్లీ అర లీటరు ప్యాకెట్ కోసం వస్తాయి. వంటనూనె పది శాతం తగ్గించమని 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. ఆ నెల మా కిరాణా ఆయన అమ్మకాలేమీ తగ్గలేదట.

ఇక ధర. సరూర్‌నగర్ రైతు బజారు నాకు అలవాటైన చోటు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో నాకు నచ్చేది ఆ ధరల పలక. పొద్దున్నే ఏ కూరగాయ ఎంతో రాసి పెడతారు, బేరమాడి గొంతు పోగొట్టుకోనక్కర లేదు. ఆ పలక చూసి, కిరాణా చీటీ పక్కన పెట్టుకుని, డబ్బాలోని సరుకులకు వెల కట్టాను. కొర్రలు, కందిపప్పు, కూరగాయలు, పెరుగు, నూనె, పోపు, గ్యాసు. ఎంత ఉదారంగా వేసినా అరవై దాటలేదు.

"మిగతా నూట పాతిక దోచుకుంటున్నారు" అన్నారు మా ఆయన.

నేను ఒప్పుకోలేదు. ఆ మాట నా కౌంటరు ముందు రోజూ వింటాను. పదివేల పట్టుచీర కొన్నావిడ, ఆరు వందల జాకెట్టు గుడ్డ కొన్నావిడ, కుట్టుకూలి దగ్గరకు వచ్చేసరికి "మీటరు ముక్కకు ఇంతా?" అని ముఖం పెడుతుంది. గుడ్డ ఖరీదు కంటికి కనిపిస్తుంది. డాట్లు సరైన చోట పడటం, మెడ తిప్పడం, చంకలో ముడత రాకుండా చేయి ఎక్కించడం కనిపించవు. డబ్బాలోనూ అంతే. ఎవరో రాత్రే కొర్రలు నానబెట్టారు. తోటకూర ఒలిచి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో కడిగారు. బెండకాయలు తుడిచారు. రేపు ఏం వండాలో ఈరోజే ఆలోచించారు. గిన్నెలు తోమారు. నేను 185 రూపాయలిచ్చింది ఎక్కువగా ఆ చేతిపనికి. ఆ చేతులకు అందులో ఎంత అందుతోందో సంస్థవాళ్లు మూత మీద రాయరు. కేలరీలతో పాటు అదీ రాస్తే బాగుండేది.

బయటి తిండి మానేసి ఇంట్లో వండుకోమనే ప్రతి సలహా వెనకాల ఒక కత్తిపీట ఉంటుంది, దాని ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. సలహా ఇచ్చేవాళ్లు ఆమె గంటకు వెల కట్టరు. ఊబకాయానికి కారణమేమిటని ఇంత చర్చ జరుగుతోంది కదా, నోరు కట్టుకోకపోవడం అంటారు, జన్యువులు అంటారు, మార్కెట్టు అంటారు. తరగడం అనే మాట ఎవరి నోటా రాదు.

నా షాపులో ఈ చర్చ తప్పించుకోలేను. కొలతలిచ్చే చోట అందరూ తమ ఒంటి గురించి మాట్లాడతారు. ఆది జాకెట్టు ఇచ్చి "అక్కా, దీనికంటే కొంచెం వదులు" అనేవాళ్లే ఎక్కువ. "లోపల రెండు కుట్లు ఎక్కువ వేయి" అని అడగనివాళ్లు లేరు. పక్క కుట్టు దగ్గర లోపల గుడ్డ వదిలి, వరసగా రెండు మూడు కుట్లు వేస్తాం. ఒళ్లు చేస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చు. నేను పని నేర్చుకునే రోజుల్లో కాన్పుల తర్వాత విప్పడానికి తెచ్చేవాళ్లు. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు కూడా ఫంక్షను ఫంక్షనుకీ ఒక కుట్టు విప్పించుకుంటున్నారు. మళ్లీ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు అరుదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 30 శాతం మంది అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లు. దేశం మొత్తం మీద 24 శాతం.

కొలతల మాట వచ్చింది కాబట్టి, పనికొచ్చే సంగతి ఒకటి. మన దేశపు ఒంటితీరుకు డాక్టర్లు పెట్టిన హద్దు ఆడవాళ్ల నడుముకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90. మా టేపులో ముప్పై ఒకటిన్నర, ముప్పై అయిదున్నర అంగుళాలు. అయితే వాళ్ల నడుము, మా నడుము ఒకటి కాదు. వాళ్లు కింది పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యలో టేపు పెడతారు. జాకెట్టు నడుము దానికి బాగా పైన ఉంటుంది, లంగా బొందు దానికి కింద ఉంటుంది. నా పుస్తకంలోని అంకె చూసుకుని సంతోషపడేవాళ్లు చాలామంది ఉన్నారు, పాపం.

ఈమధ్య ఒక మధ్యాహ్నం నేను డబ్బా తింటుండగా బ్యాంకులో ఆఫీసరుగా చేసే మేడం వచ్చారు. అప్పటికే అపార్ట్‌మెంట్లలో వంటలు చేసే ఆవిడ ఫాల్ వేసిన చీర కోసం కూర్చుని ఉంది. డబ్బా చూసి మేడం మొదలుపెట్టారు.

"ఎవరి నోరు వాళ్ల అదుపులో ఉండాలి. అది లేనప్పుడు ఎన్ని డబ్బాలు తెప్పించుకుంటే ఏం లాభం?"

"నిజమేనమ్మా," అంది వంటావిడ. "మీలాంటి వాళ్లిళ్లలో పొద్దున్నే గింజలు నానబెట్టేది, మొలకలు కట్టేది నేనే. నేను తినేది రెండు బన్నులు, ఒక టీ. ఎనిమిదింటికి రెండో ఇంట్లో ఉండాలి."

"నువ్వు కూడా రాత్రే నానబెట్టుకుంటే సరిపోతుంది కదా."

"నానబెట్టుకుంటానమ్మా. తినడానికి ఎవరింట్లో కూర్చోను?"

మేడం నవ్వేశారు. చెడ్డమనిషి కాదు. ఆవిడ చెప్పింది అబద్ధమనీ అనను. రోజూ సరూర్‌నగర్ చెరువు చుట్టూ నడుస్తారు, స్వీట్లు ముట్టరు, పదేళ్లుగా నా పుస్తకంలో ఆవిడ కొలత మారలేదు. అందుకు మెచ్చుకోవలసిందే. ఆవిడ ఇంట్లో వంటమనిషి ఉన్న సంగతి మాత్రం నా పుస్తకంలో ఉండదు. అన్నీ ఉండి, తీరిక కూడా ఉండి, రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకుని, పొద్దున నా దగ్గర జాకెట్టు బిగుతైందని నన్ను తిట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రావడం నా వల్ల కాదు. నోటికి బాధ్యత ఉంది. ఆ బాధ్యత మోయడానికి ఎవరికెన్ని చేతులున్నాయన్నదే తేడా.

హుక్కులు కుట్టే అమ్మాయి భర్త కూలిపనికి వెళ్తాడు. మధ్యాహ్నం నగరపాలక సంస్థ పెట్టే ఐదు రూపాయల భోజనం తింటాడు. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లయింది, పొద్దున టిఫిన్ కూడా చేర్చారు, అందులో చిరుధాన్యాల ఇడ్లీ, ఉప్మా ఉన్నాయి. నా దృష్టిలో ఈ నగరం చేసిన మంచి పనుల్లో అది ఒకటి. భోజనం లెక్క 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, కాస్త పచ్చడి. నా డబ్బాలో అన్నానికి కూర ఇంచుమించు సమానం, ఆ పళ్లెంలో నాలుగో వంతు. రోజంతా ఇటుకలు మోసేవాడికి ఆ అన్నం కావాలి, అందులో తప్పు పట్టడానికి లేదు. అదే పళ్లెం, సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవని వాచ్‌మన్ కూడా తింటాడు. చవకగా దొరికేది అందరికీ ఒకటే, ఒంటితో చేసే పనులు వేరు. రేషను షాపులో కూడా 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అన్నం బాగుందని అందరూ అంటున్నారు, నిజంగానే బాగుంది. తోటకూర మాత్రం ఎవరి డబ్బుతో వాళ్లే కొనుక్కోవాలి.

పండ్ల సంగతి ఇంకా వింత. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మా పక్కనే ఉన్నప్పుడు సాయంత్రానికి మిగిలిన బత్తాయిలు, బొప్పాయిలు తోపుడు బండ్ల మీద మా వీధుల్లోకి చవకగా వచ్చేవి. తర్వాత మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది, ఆ స్థలంలో ప్రభుత్వం పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టింది. ఆసుపత్రి మా వైపు వాళ్లకు కావలసిందే. కానీ పండ్ల మార్కెట్ తీసేసి ఆసుపత్రి కట్టారని ఎవరైనా నాటకంలో రాస్తే, మరీ అతిగా ఉందని మనమే అనేవాళ్లం. ఇప్పుడు మా కిరాణా గుమ్మానికి ఐదు, పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు దండలుగా వేలాడుతుంటాయి, సరిగ్గా ఐదేళ్ల పిల్లవాడి చేయి అందేంత ఎత్తులో. తీపి కలిపిన శీతల పానీయాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. మంచిదే. ఆ పన్నులో ఒక్క రూపాయైనా జామకాయ ధర తగ్గించడానికి వస్తుందా అని నా సందేహం.

ఇక ఆ ఫోను. డబ్బాతో పాటు ఒక యాప్ పెట్టుకోవాలి. పొద్దున ఏడింటికి "మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది" అని మోగుతుంది. ఆ సమయానికి నా చేతుల్లో వేరేవాళ్ల జాకెట్లు ఉంటాయి. రాత్రి "ఏడు గంటల్లోపు భోజనం ముగించారా?" అని అడుగుతుంది. లేదు అని నొక్కితే ఏడుపు ముఖం బొమ్మ ఒకటి వస్తుంది. వరలక్ష్మీ వ్రతం ముందు, బతుకమ్మ ముందు నేను షాపు మూసేది పదకొండింటికి. ఈ ఊళ్లో ఏడింటికి తినగలిగేవాళ్లు తినగలగడానికి ఎవరో ఒకరు ఆ వేళప్పుడు పని చేస్తూ ఉంటారు.

చేరేటప్పుడు మీ పని ఎలాంటిది అని అడిగారు. కూర్చుని చేసేది, నిలబడి చేసేది, శ్రమతో కూడినది, ఈ మూడే గడులు. కుట్టుమిషను ఏ గడిలోకి వస్తుంది? కాలితో తొక్కినన్నాళ్లూ అది శ్రమే, పిక్కలు రాయిలా ఉండేవి. మోటారు బిగించాక కుట్టు వేగం పెరిగింది, మోకాళ్ల నొప్పి తగ్గింది, కాళ్లు మాత్రం పని మానేశాయి. మోటారు పెట్టుకోవడం బద్ధకమని ఆ యాప్ అంటుందేమో. మోటారు లేకపోతే రోజుకు రెండు జాకెట్లు తక్కువ పడతాయి, ఆ రెండు జాకెట్లే షాపు అద్దె.

వారానికోసారి ఫోను చేసే పోషకాహార నిపుణురాలు మంచి పిల్ల. "ఆంటీ, ఒత్తిడి తగ్గించుకోండి" అన్నప్పుడు నవ్వొచ్చింది గానీ, రెండు మాటలు పనికొచ్చాయి. అన్నం కంటే ముందు పచ్చి ముక్కలు, కూర తినమంది. భోజనం అయ్యాక వెంటనే మిషను ముందు కూర్చోకుండా కత్తిరింపు పని పెట్టుకోమంది. కత్తిరింపు నిలబడి చేసేదే కదా. నా పనిలోంచే నాకు దారి చూపించిన మొదటి సలహా అది. ఆ పిల్లకు ఆ యాప్ అప్పగిస్తే బాగుపడుతుంది.

ఫలితం అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నెల తిరిగేసరికి కిలోన్నర తగ్గాను, నడుము ముప్పావు అంగుళం, డాక్టరు కొలిచే చోట. అన్నం తిన్నాక వచ్చే మత్తు తగ్గింది, మధ్యాహ్నం మూడింటికి సూదిలో దారం ఎక్కించడం తేలికైంది. షుగరు మూడు నెలల సగటు చూపించే పరీక్ష ఉంటుంది, దానికి నెల డబ్బా చాలదు. తగ్గిన బరువు నిలుస్తుందని సంస్థవాళ్లు కూడా చెప్పలేరు. బరువు తగ్గగానే ఒళ్లు ఎదురు తిరుగుతుంది, ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కూర్చున్నచోట ఖర్చయ్యే కేలరీలు తగ్గుతాయి. అందుకే తగ్గినవాళ్లలో చాలామంది మళ్లీ పెరుగుతారు, నోరు కట్టుకోలేక మాత్రమే కాదు. అమెరికా వైద్యుల సంఘం 2013లోనే ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించింది. మంచిదే, తిట్లు తగ్గుతాయి. జబ్బని పేరు పెట్టినంత మాత్రాన బెండకాయలు ఎవరూ తుడిచి పెట్టరు.

రెండో నెల డబ్బా కట్టలేదు. మా వీధిలో ఒకావిడ కూరగాయలు కడిగి, తరిగి, పొట్లాలు కట్టి ఇస్తుంది. ఆమెకు నెలకు 900 ఇస్తున్నాను, కూరగాయలు నేనే తెచ్చిస్తాను. బెండకాయలు తుడవమని మొదట చెప్పినప్పుడు నన్ను వింతగా చూసింది, తర్వాత అలవాటైంది. కూర మా ఆయన వేయిస్తారు, పొయ్యి దగ్గర నిలబడటం ఆయన మోకాళ్లకు మంచిదని ఆ పోషకాహార అమ్మాయి చేత చెప్పించాను. పళ్లెంలో అన్నం, కూర కొలతలు డబ్బా నుంచే తీసుకున్నాను.

డబ్బా ఎవరు కట్టొచ్చు అంటే, వంట చేసే చేతులు ఇంట్లో లేనివాళ్లు, ఒంటరిగా గదుల్లో ఉండే ఉద్యోగస్తులు, ఆపరేషను అయి ఇంట్లో ఉన్నవాళ్లు. పెద్ద కుటుంబానికి ఇది పొసగదు, ఒక్కరికి కొర్రన్నం, నలుగురికి మామూలు అన్నం అంటే వంటింట్లో పని తగ్గదు. ఎవరైనా సరే మూత మీది కేలరీల కంటే ముందు పదార్థాల వరుస చదవండి, బెల్లం ఎన్నోదో చూడండి. మూడు నెలలకు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు, నెలకే కట్టండి. ఊరెళ్లే రోజులు రెండు రోజుల ముందు చెబితే ఆ డబ్బాలు చివర్లో కలుపుతారు, అయితే ఫోనులో చెప్పింది వాళ్ల దగ్గర నమోదు కాదు, రాసి పంపండి. పచ్చిపులుసు అని ఉన్న రోజు వేరేది ఎంచుకోండి.